పౌను నూలు, లీటరు పెట్రోలు: సోలాపూర్ నేత పేటల మైలేజీ లెక్క

మహారాష్ట్రలోని సోలాపూర్‌కు కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు మగ్గాన్ని నమ్ముకొని తరతరాలుగా వలస వచ్చాయి. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ వినిపించే సాఖర్ పేఠ్, భవానీ పేఠ్, దాజీ పేఠ్, అశోక్ చౌక్, కన్నా చౌక్ పరిసరాలు ఆ వలసకు నేటికీ సాక్ష్యంగా నిలిచి ఉన్నాయి. చేమగ్గం ఆడిన రోజులలో నేతగాని ఇల్లే అతని కార్ఖానా కావడం వల్ల పనికి పోయే దూరమన్నది ఉండేది కాదు. ఆ తరువాత నూలు మిల్లులు వెలసిన కాలంలో కూడా కార్మికుడు మిల్లు భోంగా (సైరన్) మోగే వేళకు కాలినడకన గేటు చేరగలిగేవాడు. మరమగ్గాలు పెరిగి, కార్ఖానాలు అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామిక వాడకు తరలి, పేటలలో జాగా చాలక నివాసాలు నగరం వెలుపలికి జరిగిన తరువాత పరిస్థితి మారింది. కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీల కోసం కట్టిన 10,000 ఇళ్ల కాలనీ 2006లోనూ, అదే ప్రాంతంలోని రేనగర్‌లో నేత, బీడీ, భవన నిర్మాణ కార్మికుల వంటి అసంఘటిత శ్రామికుల కోసం కట్టిన తొలి 15,000 ఇళ్లు 2024 జనవరిలోనూ నివాసులకు అందాయి. సొంత ఇల్లు దొరకడం ఆ కుటుంబాలకు నిజంగా పెద్ద మేలే అయినా, ఇంటికీ పనికీ నడుమ ఏర్పడిన దూరం నెలవారీ ఖర్చులలో బియ్యం, కిరాయి, కరెంటు పక్కన పెట్రోలును కూడా చేర్చింది.

ఈ పేటలలో ఎక్కువ కుటుంబాలకు ఉన్న వాహనం మోటారు సైకిలే. కార్ఖానాదారుకో నూలు వ్యాపారికో సొంత కారు ఉంటుంది. పెళ్లిళ్లకూ, తెలంగాణలోని సొంత ఊరి ప్రయాణాలకూ తక్కినవారు బండి కిరాయికి మాట్లాడుకుంటారు. బండి ఏదైనా, ఎవరిదైనా, దాని వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే: ఒక లీటరు పెట్రోలు ఎంత దూరం తీసుకుపోతుంది? ఆ దూరాన్నే మైలేజీ అంటారు. మహారాష్ట్రలో యావరేజి అన్న మాట కూడా వాడుకలో ఉంది. ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పగల కొలత విద్య నేతపనివారి చేతిలో ఎప్పటి నుంచో ఉన్నదనీ, దానిని బండికి వర్తింపజేస్తే ఇంటి ఖర్చులో నిజమైన ఆదా కనిపిస్తుందనీ నిరూపించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

నేత లోకంలో దారాన్ని కొలిచే ప్రధాన పద్ధతులు రెండు. నూలు దారానికి నంబరు చెబుతారు. 840 గజాల దారాన్ని ఒక చిలపగా లెక్కించి, అటువంటి చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయో ఆ సంఖ్యనే దారం నంబరు అంటారు. సోలాపూర్ చాదర్లకూ టవళ్లకూ వాడే ముతక నూలులో 20 నంబరు దారాన్ని తీసుకుంటే, ఒక పౌనులో 16,800 గజాల దారం, అంటే 15 కిలోమీటర్లకు పైగా పొడవు ఉంటుంది. పాలిస్టర్ దారానికి ఈ పద్ధతి కాక డెనియర్ వాడతారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్ల దారం. మొదటి పద్ధతిలో ఇంత బరువుకు ఎంత పొడవు అని అడుగుతారు కాబట్టి నంబరు పెరిగిన కొద్దీ దారం సన్నబడుతుంది. రెండవ పద్ధతిలో ఇంత పొడవుకు ఎంత బరువు అని అడుగుతారు కాబట్టి డెనియర్ పెరిగిన కొద్దీ దారం లావెక్కుతుంది. పెట్రోలుకు కూడా సరిగ్గా ఈ రెండు కొలతలే ఉన్నాయి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న భారతీయ వాడుక నూలు నంబరు వంటిది. 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అన్న ఐరోపా వాడుక డెనియర్ వంటిది. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు 100 కిలోమీటర్లకు 6.7 లీటర్లు తాగుతుంది. 20 నడిచే కారు 5 లీటర్లు, 25 నడిచే కారు 4 లీటర్లు తాగుతాయి.

ఈ రెండు కొలతలలో ఏది వాడినా ఒకటే అనిపించవచ్చు గాని, డబ్బు లెక్క వేసేటప్పుడు మొదటిది కంటిని మోసం చేస్తుంది. ఒక కార్ఖానాదారుకు లీటరుకు 10 కిలోమీటర్లు మాత్రమే నడిచే పాత పెట్రోలు వ్యాను ఒకటీ, 20 కిలోమీటర్లు నడిచే కారు ఒకటీ ఉండి, రెండూ నెలకు వెయ్యేసి కిలోమీటర్లు తిరుగుతున్నాయని అనుకుంటే, వ్యానును 12 నడిచే బండితో మార్చడం మేలా, కారును 25 నడిచే బండితో మార్చడం మేలా అన్న ప్రశ్నకు చాలామంది రెండవదే మేలని చెబుతారు, ఎందుకంటే రెండు కంటే ఐదు పెద్ద అంకె. లీటర్లలో లెక్క కడితే ఫలితం తిరగబడుతుంది. వ్యాను ఖర్చు 100 లీటర్ల నుంచి 83.3 లీటర్లకు దిగి సుమారు 16.7 లీటర్లు మిగులుతాయి. కారు ఖర్చు 50 నుంచి 40కి దిగి 10 లీటర్లే మిగులుతాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో ‘సైన్స్’ పత్రికలో ఈ పొరపాటునే మైలేజీ భ్రాంతిగా వివరించారు. చిన్న మైలేజీ బండిని కొద్దిగా బాగుచేసినా పెద్ద ఆదా వస్తుందనీ, మార్చదలిస్తే ముందు మార్చవలసింది ఎక్కువ తాగే పాత బండేననీ దీని సారాంశం.

కొలత తెలిసిన తరువాత తెలుసుకోవలసింది లీటరు లోపలి శక్తి సంగతి. ఒక లీటరు పెట్రోలు కాలినప్పుడు సుమారు 32 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. మరమగ్గం కరెంటు బిల్లు చదివే వారికి అర్థమయ్యే లెక్కలో అది దాదాపు 9 యూనిట్లు. అందులో చక్రాలను తిప్పడానికి చేరేది సాధారణంగా నాలుగో వంతు అటూ ఇటూ మాత్రమే. మిగిలిన వేడిలో ఎక్కువ పాలు పొగగొట్టం గుండా, రేడియేటర్ గుండా గాలిలో కలిసిపోతుంది. కొంత ఇంజను భాగాల రాపిడికి ఖర్చవుతుంది. వేడిని కదలికగా మార్చే ఏ యంత్రానికైనా ప్రకృతి నియమమే ఒక హద్దు విధిస్తుంది కాబట్టి ఈ నష్టాన్ని నడిపేవాడు పూర్తిగా తప్పించలేడు. అయితే చక్రాలకు చేరిన ఆ కొద్ది శక్తి ఎక్కడ ఖర్చవుతుందన్నది చాలావరకు నడిపే చేతిలో, కాలిలో ఉంటుంది. ఖర్చయ్యే చోట్లు ప్రధానంగా మూడు: టైరు నేలపై దొర్లేటప్పుడు ఎదురయ్యే అడ్డు, బండిని తోసుకుపోవలసిన గాలి అడ్డు, పుంజుకున్న వేగాన్ని బ్రేకుతో చంపడం.

నేత పేటల వీధులలో ఈ మూడింటిలో అన్నిటికంటే బరువైనది బ్రేకు. బీములు మోసే తోపుడు బండ్లు, నూలు కోన్లు నింపుకున్న ఆటోలు, సైకిళ్లు, బడి పిల్లలు కలగలిసి తిరిగే సన్నని సందులలో బండి నాలుగు గజాలు సాగి ఆగుతుంది, మళ్లీ కదిలి మళ్లీ ఆగుతుంది. 1,000 కిలోల కారు గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకున్నప్పుడు దానిలో సుమారు 96 కిలోజౌళ్ల చలనశక్తి నిలిచి ఉంటుంది. బ్రేకు నొక్కగానే అదంతా బ్రేకు పళ్లాలలో వేడిగా మారి పోతుంది. మళ్లీ అదే వేగం అందుకోవడానికి, నాలుగో వంతే చక్రాలకు చేరుతుందన్న లెక్కన, దాదాపు 12 మిల్లీలీటర్ల పెట్రోలు కాలాలి. అటువంటి ఆగడాలు 80 దాకా లెక్కకు వస్తే ఒక లీటరు పెట్రోలు ఏ దూరమూ ఇవ్వకుండానే ఖర్చయిపోయినట్టు. చౌక్‌లో ఎర్ర దీపం వెలగడం దూరం నుంచే కనబడుతున్నప్పుడు యాక్సిలరేటర్ మీది కాలు తీసి, గేరులోనే ఉంచి, బండిని తనంతట తాను నెమ్మదించనిస్తే ఈ ఖర్చులో చాలా భాగం తప్పుతుంది. నేటి ఇంజనులు అలా దొర్లుతున్నంతసేపు పెట్రోలు చిమ్మడం దాదాపుగా ఆపివేస్తాయి కూడా. హైబ్రిడ్, విద్యుత్ వాహనాలు నగరంలో మెరుగైన లెక్క చూపడానికి ముఖ్య కారణాలలో ఒకటి, బ్రేకు వేళ కోల్పోయే శక్తిలో కొంత భాగాన్ని అవి తిరిగి బ్యాటరీలోకి పట్టుకోగలగడమే.

పేట వీధులలో బ్రేకు తరువాత రెండవ నష్టం, ఇంజను నడుస్తూ బండి నిలిచి ఉండడం. సరుకు ఎక్కించేవరకూ, గిరాకీ బయటికి వచ్చేవరకూ ఇంజను ఆపకుండా ఉంచే అలవాటు నగరమంతటా ఉన్నదే గాని, అలా నిలిచిన చిన్న కారు గంటకు అర లీటరుకు పైగా తాగుతుంది. ఆ సమయంలో దాని మైలేజీ సున్నా. కొద్ది దూరపు ప్రయాణాలు మూడవ నష్టం. చల్లారిన ఇంజను వేడెక్కేవరకూ పెట్రోలు ఎక్కువ పాళ్లలో తీసుకుంటుంది, నూనె చిక్కగా ఉండడం వల్ల రాపిడి కూడా ఎక్కువే. అందువల్ల పేటలోని ఒక మూల నుంచి మరో మూలకు కిలోమీటరు, రెండు కిలోమీటర్లు కారులో పోవడం లీటరుకు అతి తక్కువ దూరమిచ్చే ప్రయాణం. ఆ దూరాలకు సైకిలూ నడకా నేటికీ సరిపోతాయి.

నగరం దాటి హైదరాబాదు వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన తరువాత ఖర్చు తీరు మారిపోతుంది. నల్‌దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా సాగే ఈ 300 కిలోమీటర్ల పైచిలుకు దారి సోలాపూర్ తెలుగువారికి పుట్టినూరి దారి; పెళ్లిపత్రికలు, పండుగ ప్రయాణాలు, చాదర్ల బేరాలు అన్నీ ఈ దారినే నడుస్తాయి. ఇక్కడ బ్రేకు అవసరం తగ్గి, గాలి అడ్డు ముందుకు వస్తుంది. గాలి అడ్డు వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కి పోతే వేగం పెరిగింది నాలుగో వంతే అయినా గాలి అడ్డు సగానికి పైగా పెరుగుతుంది. 80 దగ్గర లీటరుకు 18 కిలోమీటర్లు నడిచే కారు 100 దగ్గర 15కు దిగిందనుకుంటే, 310 కిలోమీటర్ల ప్రయాణానికి 17.2 లీటర్ల బదులు 20.7 లీటర్లు కావాలి. అంటే ఒక వైపుకు మూడున్నర లీటర్లు, రానుపోను ఏడు లీటర్లు ఎక్కువ. వేగం వల్ల దక్కే సమయం ఒక వైపుకు సుమారు ముప్పావు గంటే. ఆ ముప్పావు గంట అవసరమైన రోజు ఉండవచ్చు. ఆసుపత్రికి పోయే ప్రయాణంలో ఈ లెక్క వేయకూడదు. అవసరం లేని రోజున మాత్రం ఆ ఏడు లీటర్లు, లీటరు ధర 2021లోనే నూరు రూపాయలు దాటిన ఈ కాలంలో, ఏడు వందల రూపాయలకు మించిన నష్టం.

చాదర్ల మూటలను కారు మీది క్యారియర్‌పై కట్టి తీసుకుపోవడం ఈ దారిలో మామూలుగా జరిగేదే. నున్నగా గాలిని చీల్చవలసిన బండి ఆ మూటతో గోడలా గాలికి అడ్డం నిలుస్తుంది. కారు పైకప్పు మీది పెట్టె వల్ల నగరంలో 2 నుంచి 8 శాతం, హైవేపై 6 నుంచి 17 శాతం దాకా మైలేజీ పడిపోతుందని అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచార సంస్థలు చెబుతున్నాయి. అదే మూటను డిక్కీలో పెడితే బరువు మాత్రమే పెరుగుతుంది, గాలి అడ్డు పెరగదు. ఖాళీ క్యారియర్ కూడా కొంత అడ్డే కాబట్టి పని తీరిన తరువాత దానిని విప్పి ఇంట పెట్టడం మంచిది. టైర్ల విషయంలో కూడా ఇంతే శ్రద్ధ అవసరం. గాలి తగ్గిన టైరు నేలకు ఎక్కువ అణగి, తిరిగిన ప్రతి చుట్టులోనూ వంగుతూ వేడెక్కుతూ శక్తిని తింటుంది, త్వరగా అరుగుతుంది, సోలాపూర్ ఎండాకాలపు రోడ్డుపై పగిలే ప్రమాదం కూడా తెస్తుంది. బండి తలుపు చట్రం మీది చీటీలో రాసి ఉన్న ఒత్తిడిని ఉదయం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, పక్షానికి ఒకసారైనా సరిచూసుకోవడం దాదాపు ఖర్చు లేని పని.

ఇంత చేసినా కంపెనీ ప్రకటించిన మైలేజీ రాలేదని బాధపడేవారు ఎందరో ఉంటారు కాబట్టి ఆ అంకె ఎక్కడ పుడుతుందో తెలియాలి. భారతదేశంలో కార్లను రోడ్డు మీద కాక, పుణెలోని ఏఆర్ఏఐ (భారత వాహన పరిశోధన సంఘం) వంటి సంస్థల ప్రయోగశాలలలో రోలర్ల మీద నిలిపి, ముందే నిర్ణయించిన వేగాల క్రమంలో నడిపి పరీక్షిస్తారు. సవరించిన భారతీయ డ్రైవింగ్ చక్రమని పిలిచే ఆ క్రమం సుమారు 20 నిమిషాలు సాగుతుంది, అందులో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఆ పరీక్షలో గుంతలు ఉండవు, ఎదురుగాలి ఉండదు, ఏసీ నడవదు, అయిదుగురు మనుషులూ వారి పెట్టెలూ ఉండవు. ఒక కారును మరొక కారుతో పోల్చడానికి ఆ అంకె చక్కగా పనికివస్తుంది. ఇంటి బడ్జెట్ వేసుకోవడానికి పనికిరాదు. దేశంలో ఇంధన సామర్థ్య నిబంధనలు కూడా ఈ పరీక్షల ఆధారంగానే నడుస్తాయి. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత అమెరికా 1975లో కార్ల కంపెనీల సగటు మైలేజీపై చట్టం చేసింది; భారతదేశంలో ఆ తరహా నిబంధనలు 2017లో మొదలై 2022లో బిగుసుకున్నాయి. ఒక కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు ఖర్చు, బరువును బట్టి సవరించిన లెక్కలో, 100 కిలోమీటర్లకు 5 లీటర్లకు కొద్దిగా తక్కువగా ఉండాలన్నది రెండవ దశ లక్ష్యం. ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశానికీ, కాలిన ప్రతి లీటరుకూ 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు చేరే గాలికీ ఈ నిబంధనలు అవసరమైనవి.

ఇటీవలి కాలంలో మరొక మార్పు కూడా మైలేజీని తాకింది. సోలాపూర్ జిల్లా చక్కెర మిల్లులకు పేరుపడ్డ జిల్లా. చెరకు నుంచి, మొలాసిస్ నుంచి తీసే ఇథనాల్‌ను పెట్రోలులో కలపడం దేశమంతటా పెంచుతూ వచ్చారు. ఆ పాలు 2022లో 10 శాతానికీ, 2025లో 20 శాతానికీ చేరింది. లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలులోని వేడిలో మూడింట రెండు వంతులే ఉంటుంది కాబట్టి, 20 శాతం కలిసిన లీటరులో శుద్ధ పెట్రోలు కంటే 6 నుంచి 7 శాతం తక్కువ శక్తి ఉంటుంది. అయితే మైలేజీ తగ్గుదల అన్ని బండ్లలోనూ ఒకేలా ఉండదు. పాత పద్ధతిలో తయారైన కార్లలో 6 నుంచి 7 శాతం, పాత ద్విచక్ర వాహనాలలో 3 నుంచి 4 శాతం, కొత్త ఇంధనానికి అనుగుణంగా సరిచేసిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో అంచనా వేసింది. చెరకు రైతుకు ఆదాయం, దేశానికి దిగుమతి ఆదా ఈ మార్పులోని లాభాలు. పాత బండి నడిపే చిన్న సంపాదనపరుడి మీద పడే అదనపు లీటర్లు ఇందులోని భారం. రెండింటినీ ఒకే పద్దులో చూపితేనే లెక్క న్యాయంగా ఉంటుంది.

అందువల్ల ప్రతి బండికీ దాని సొంత లెక్క కావాలి, దానికి చదువుతో గాని యంత్రంతో గాని పని లేదు. ఒక బంకులో ట్యాంకు నిండా పోయించి, మీటరులోని కిలోమీటర్ల అంకెను ఒక చిన్న వహీలో (లెక్కల పుస్తకంలో) రాసుకోవాలి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, నాజిల్ తనంతట తాను ఆగేవరకు మళ్లీ నింపించి, రెండవసారి పోసిన లీటర్లను 100తో గుణించి, తిరిగిన కిలోమీటర్లతో భాగించాలి. 252 కిలోమీటర్లకు 16.8 లీటర్లు పడితే 100 కిలోమీటర్ల ఖర్చు 6.7 లీటర్లు. ఒక్కసారి తీసిన లెక్కలో ట్యాంకు నిండడంలోని చిన్న తేడా దూరి తప్పు చూపవచ్చు కాబట్టి, వరసగా కొన్ని నిండు ట్యాంకుల సగటు తీస్తే అంకె నిలకడగా వస్తుంది. ఆ అంకె ఒక నెలలో అకస్మాత్తుగా పెరిగితే టైరులో గాలి, పట్టేసిన బ్రేకు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, అరిగిన స్పార్క్ ప్లగ్ వరసగా చూడాలి. మోటారు సైకిలుకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. రేనగర్ నుంచి కార్ఖానాకు రోజూ తిరిగే బండికి ఇది మరింత అవసరం, ఎందుకంటే ఆ దూరాన్ని నెలలో ఇరవై అయిదు రోజులు రానుపోను తిరగాలి. ఒకే షిఫ్టుకు ఒకే కాలనీ నుంచి పోయే ఇద్దరు ఒక బండి ఎక్కితే ఏ ఇంజను నిపుణుడూ తేలేని మేలు జరుగుతుంది: మనిషికి పడే లీటర్లు దాదాపు సగమవుతాయి.

నూలు ధరను కోయంబత్తూరు మిల్లులూ పత్తి బజారూ తేలుస్తాయి, పెట్రోలు ధరను ప్రపంచ చమురు బజారూ కేంద్ర, రాష్ట్ర పన్నులూ తేలుస్తాయి. ఈ రెండింటి నడుమ నేతగాని కూలి మాత్రం అంత వేగంగా పెరగదు. ధర మీద హక్కు లేని చోట వాడకం మీద ఉన్న హక్కును వదులుకోకూడదు. కార్ఖానాలో వేస్టు దారాన్ని తూచి లెక్కగట్టే కార్ఖానాదారుడు తన వ్యాను తాగే లీటర్లను కూడా అదే వహీలో రాయాలి. సహకార సంఘాలు, కుల సంఘాలు, కార్మిక సంఘాలు తమ సభ్యుల బండ్ల లెక్కలను పోగుచేసి, ఏ బండి ఏ దారిలో 100 కిలోమీటర్లకు నిజంగా ఎంత తాగుతోందో పేటవారందరికీ తెలిసేలా గోడ మీద ప్రకటిస్తే, కొనబోయే వారికి ప్రకటనల కంటే నమ్మదగిన ఆధారం దొరుకుతుంది. ఆ పనికి కావలసిన కొలత జ్ఞానం, ఓపిక, నిజాయితీ నేత పేటలలో పుష్కలంగా ఉన్నాయి. రాబోయే నిండు ట్యాంకు నుంచే ఆ లెక్క మొదలుపెట్టవచ్చు.